పిప్పరమెంటు థైరాయిడ్

వనజకు థైరాయిడ్ ఆస్పత్రిలో రాలేదు. తార్నాకలో సొంత వంటింట్లో, ఒక ఆదివారం పొద్దున, అత్తగారు క్యాబేజీ తరుగుతుండగా వచ్చింది. రక్తపరీక్ష లేదు, డాక్టరు లేడు. ఒక్క మాటతో వచ్చేసింది.

ఆ మాట ఎందుకు అనాల్సొచ్చిందో చెప్పాలి. వనజ కొంచెం భారీ మనిషి. కొంచెం అనడం నా మర్యాద. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఆమె కుర్చీకి చేతులుండవు. చేతులున్న కుర్చీలోంచి ఒకసారి లేవబోతే కుర్చీ కూడా ఆమెతో పాటే లేచిందని సెక్షనంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. తన లావు మీద వనజకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఫిర్యాదులన్నీ లోకానివే. బస్సులో పక్క సీటామె, చీరల దుకాణం వాడు, పెళ్లిలో ఎదురైన దూరపు చుట్టం, అందరికీ ఆమె ఒళ్లు గురించి ఒక అభిప్రాయం ఉంటుంది. అడక్కుండానే చెబుతారు. అదేదో వాళ్ల సొంత ఒళ్లయినట్టు.

ఆ ఆదివారం అత్తగారి వంతు. భారతమ్మకు డెబ్బై దగ్గర పడుతున్నా వెదురు బద్దలా ఉంటుంది. తెల్లారగానే క్యాంపస్ రోడ్ల మీద నడిచొస్తుంది. "తినేది గింతే గద, గిట్లెట్ల బలుస్తున్నవ్ బిడ్డా? రేపటిసంది నాతోని నడువరాదు?" అంది ఆమె కత్తిపీట మీదినుంచి తలెత్తి.

నడక అన్న మాట వినగానే వనజకు గుండె జారింది. నోటికి తోచింది అనేసింది.

"నాకు థైరాయిడ్ అత్తమ్మా. డాక్టర్ జెప్పిండు. నడిచినా తగ్గదట."

క్యాబేజీ తరగడం ఆగిపోయింది. "అయ్యో నా బిడ్డకు ఎంత కష్టమొచ్చె!" అని భారతమ్మ కళ్లు ఒత్తుకుంది. ఆ రోజు నుంచి వనజకు మహారాణి భోగం పట్టింది. థైరాయిడ్ ఉన్నవాళ్లు క్యాబేజీ ముట్టకూడదని మాణికేశ్వర్ నగర్‌లో ఎవరో చెప్పారట, భారతమ్మ ఆ కూరను గడప దాటనివ్వలేదు. క్యాబేజీ ఉడికే వాసనంటే వనజకు చిన్నప్పటి నుంచీ కడుపులో తిప్పుతుంది. ఆమె భర్త రాజలింగానికి క్యాబేజీ అంటే ప్రాణం. యూనివర్సిటీ ప్రెస్సులో మిషన్ మీద పని చేసే ఆ బక్క మనిషి, "ఇంట్ల ఒకరు తినంగ ఒకరు జూసుడెందుకు" అని తనూ మానేశాడు. పాపం, బయట పెళ్లిళ్లలో కూడా ముట్టలేదు.

ఇంకో సుఖం మాత్ర. అది పరగడుపున వేసుకోవాలి, ఆ తర్వాత గంటదాకా కాఫీ టిఫిన్లు ఉండవు. ఇంతవరకు నిజమే. ఆ గంటసేపు కదలకుండా పడుకోవాలన్నది మాత్రం వనజ స్వయంగా కలిపిన పథ్యం. ఆమె ముసుగుతన్ని పడుకుంటే రాజలింగం పాలు తెచ్చి, కాఫీ కలిపి, గంట కాగానే లేపేవాడు. ఏ డాక్టరని అతను అడిగితే, రోజూ బస్సులోంచి కనబడే బోర్డు గుర్తొచ్చి, "వారాసిగూడల డాక్టర్ ఇన్నయ్య" అని చెప్పింది. ఆ బోర్డు కింది సగానికి ఎప్పుడూ ఏదో ఒక ఫ్లెక్సీ అడ్డం ఉండేది. వనజ చదివింది పేరొక్కటే.

మరి మాత్రలు? సెక్షన్లో పక్క సీటు కాత్యాయనిది. ప్రొద్దుటూరు మనిషి, గాలొస్తే పట్టుకోవాల్సినంత సన్నం. నిజమైన థైరాయిడ్ ఆమెకుంది. ఆమె వాడేసిన సీసాలు వనజ తెచ్చుకుని, వాటి నిండా తెల్లటి పిప్పరమెంటు బిళ్లలు పోసుకునేది. రోజూ ఒకటి చప్పరించి పడుకునేది. ఈ రహస్యం తెలిసిన మనిషి లోకంలో కాత్యాయని ఒక్కతే.

"పాపం తగుల్తాది మ్మే నీకు," అనేది కాత్యాయని సీసా ఇస్తూనే.

"తగిలితే తగలనీ. కూర్చొని తగిలించుకుంట," అనేది వనజ.

ఇట్లా నాలుగేళ్లు గడిచాయి. ఇంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. సహాయ నిరాకరణ రోజులు. ఉద్యోగులు ఆఫీసుకొస్తారు, పని ముట్టరు. ఆర్ట్స్ కాలేజీ ముందు షామియానా కింద రిలే నిరాహార దీక్షలు. రోజుకొక విభాగం పొద్దున దండలేసుకుని కూర్చుని, సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. పరీక్షల విభాగం ఆడవాళ్ల వంతు వచ్చినప్పుడు వనజ అందరికంటే ముందు పేరిచ్చింది. ఆమెకు ఉద్యమం అంటే నిజంగానే ప్రాణం. ఆ విషయంలో ఆమె ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

"వనజ మేడం కూసుంటే ఢిల్లీ దిగిరావాలె. ఈమె చిక్కేదాంక ఆగుడు వాళ్లతోని కాదు," అన్నాడు శ్రావణ్. శిబిరం బాధ్యతలు చూసే పరిశోధక విద్యార్థి అతను.

"నువ్వు పీహెచ్‌డీ అయ్యేలోపల నేను చిక్కుత తియ్ బాబూ," అంది వనజ. శిబిరమంతా నవ్వింది. శ్రావణ్ పీహెచ్‌డీ ఎప్పుడు మొదలైందో అతనికే గుర్తులేదు.

కానీ శ్రావణ్ ఒక నియమం పెట్టాడు. అంతకుముందు వారం ఒకాయన షుగరుందని చెప్పకుండా కూర్చుని కళ్లు తిరిగి పడిపోయాడట. అందుకని షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్నవాళ్లను డాక్టరు చూశాకే కూర్చోబెడతారు. వనజ థైరాయిడ్ సంగతి క్యాంపస్‌లో తెలియని మనిషి లేడు. మెడలో బీపీ మిషన్ వేలాడేసుకుని మౌనిక అనే జూనియర్ డాక్టర్ వచ్చింది. కాలేజీ పిల్లలా ఉంది.

"ఆంటీ, థైరాయిడ్ కదా, ఏ డోస్ వాడుతున్నారు?"

ఆంటీ అన్నందుకే వనజకు ఒళ్లు మండింది. "వంద," అంది ముక్తసరిగా. కాత్యాయని సీసా మీద అదే ఉంటుంది.

"ఓకే. తల కొంచెం ఎత్తండి. ఒకసారి గుటక మింగండి."

వనజ మింగింది. సరిగ్గా అప్పుడే శిబిరం ఎదురుగా రోడ్డు అవతల కాత్యాయని నిలబడి, కావాలనే చిత్రాన్నం డబ్బా మూత తీసింది. ఆ పోపు వాసనకు వనజ అడక్కుండానే రెండోసారి కూడా మింగింది. దీన్నే వనజ సమైక్యాంధ్ర కుట్ర అనేది.

మౌనిక వేళ్లు మెడ మీద ఎడమ పక్కన ఆగాయి. కిందికి పోయాయి, మళ్లీ అక్కడికే వచ్చాయి. చలాకీ మొహం కాస్త గంభీరమైంది.

"ఈ గడ్డ ఎప్పట్నుంచి ఉంది ఆంటీ?"

"ఏం గడ్డ?"

"మీ డాక్టర్ చెప్పలేదా? మెడ నిండుగా ఉంది కాబట్టి బయటికి కనబడట్లేదు, చేతికి తెలుస్తోంది. గట్టిగా ఉంది. స్కాన్ చేయించాలి. వెంటనే."

వనజ చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. రోజూ అద్దంలో చూసుకునే మెడే. గొలుసు పెట్టుకునే మెడే. వేళ్ల కింద శనగగింజంత ఏదో కదిలింది. అప్పుడు ఆమెకు నిజంగా భయమేసింది. నాలుగేళ్లుగా పొద్దున్నే పిలిచి పిలిచి దాన్ని తనే తెచ్చుకున్నానేమో అనిపించింది.

స్కాన్ అయింది, సూదితో గడ్డలోంచి తీసి పరీక్ష చేశారు. ఫలితాలకు రాజలింగం సెలవేమీ పెట్టకుండానే వెంట వచ్చాడు. పని లేని రోజుల్లో సెలవెందుకు? పెద్ద డాక్టరమ్మ కాగితాలు చూసి, కళ్లద్దాలు తీసి నెమ్మదిగా చెప్పింది. క్యాన్సరే. చిన్నది. తొందరగా దొరికింది. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేస్తే చాలావరకు నయమయ్యే రకం.

రాజలింగం కుర్చీ అంచు పట్టుకున్నాడు. వనజ మాత్రం ఎన్నాళ్లుగానో లోపల ఉన్నదే అడిగింది.

"లావుండుడు వల్లనే వచ్చిందా మేడం?"

"అదే కారణమని మీ విషయంలో ఎవరూ చెప్పలేరమ్మా. ఆడవాళ్లలో బరువు బాగా ఎక్కువున్నప్పుడు ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. కొంతే. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది, లావున్న వాళ్లలో చాలామందికి రాదు. తప్పు చేసినట్టు తల దించుకోవాల్సిన పని లేదు. నడవండి, బరువు తగ్గించుకోండి, అది అన్నిటికీ మంచిదే. అందరూ థైరాయిడ్ వల్ల లావయ్యామంటారు, దానివల్ల పెరిగేది తక్కువే. లావు వల్ల థైరాయిడ్‌కు వచ్చే ఇబ్బంది కూడా చూడాలి."

వనజ తల ఇంకా కిందికి పోయింది. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం తీసింది.

"గ్రంథి పనితీరు మాత్రం పక్కా నార్మల్. మీరు వాడుతున్న మందు అద్భుతంగా పని చేస్తోంది."

పిప్పరమెంటు ఇంత గొప్ప మందని వనజకు తెలియదు. వేరే రోజైతే కాత్యాయనికి చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇప్పుడు నిజం చెప్పేయాలని నోరు తెరిచింది. పక్కన మొగుడి మొహం చూసి మూసేసింది.

"ఆపరేషన్ లోపు మీ పాత చీటీలన్నీ తెచ్చివ్వండి, ఆ మందు లెక్క నాకు కావాలి," అంది డాక్టరమ్మ. "అయినా నాలుగేళ్లు మందిచ్చిన డాక్టరు ఒక్కసారైనా మెడ చూడలేదా?"

రాజలింగం మొహం ఎర్రబడింది. వనజను ఇంటి దగ్గర దింపి బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి భారతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ వచ్చింది.

"వాడు శ్రావణ్‌ను, పోరగాండ్లను తోల్కొని వారాసిగూడ పోయిండు బిడ్డా! గా ఇన్నయ్య బొక్కలిరగ్గొడ్తడట. నీ మందు సీస సాక్ష్యమని జేబుల ఏసుకపోయిండు!"

ఏ పాపమూ ఎరగని ఒక మనిషి. బస్సు కిటికీలోంచి చదివిన ఒక పేరు. ఉద్యమం రోజులు, ధర్నా చెయ్యమంటే ఎవరి మీదని కూడా అడగని పిల్లలు. వనజ కాత్యాయనికి ఫోన్ కొట్టింది. కాత్యాయని స్కూటీ వేసుకుని వచ్చేసరికి వనజ వీధి చివర నిలబడి ఉంది.

"ఎక్కు మ్మే, ఎక్కు. చెప్తే వింటివా నువ్వు!"

స్కూటీ వెనక చక్రం నిట్టూర్చింది. క్యాంపస్ గేటు దగ్గర బండ్లు ఆపుతున్న ఉద్యమం పిల్లలు వాళ్లనూ ఆపారు. కాత్యాయని నోరు విప్పితే ప్రొద్దుటూరంతా బయటపడుతుందని వనజే వెనక నుంచి జై తెలంగాణ అని అరిచింది. గేటు తెరుచుకుంది. ఆ అరుపుకు తోడుగా కాత్యాయని కూడా గొంతు కలిపిందని వనజ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు.

వారాసిగూడలో వీధి నిండా జనం. "డాక్టర్ ఇన్నయ్య డౌన్ డౌన్" అని అరిచి, అలవాటు కొద్దీ వెంటనే "జై తెలంగాణ" అంటున్నారు. ఆ రెండో నినాదమే లోపలికి వినబడ్డట్టుంది, బట్టతల పెద్దాయన ఒకరు నవ్వుకుంటూ బయటికొచ్చి పిడికిలెత్తి తనూ జై తెలంగాణ అన్నాడు. చందా కోసం వచ్చారనుకుని జేబు తడుముకుంటున్నాడు. ముందు చాయ్ తాగమని కుర్రాళ్లను బతిమాలుతున్నాడు. రాజలింగం ఆయన కాలరు పట్టుకోబోతున్నాడు. వాళ్ల తలల మీద బోర్డు పూర్తిగా కనబడుతోంది. ఫ్లెక్సీ ఎవరో పీకేసినట్టున్నారు. పేరు కింద రెండు వరుసల తెల్లటి పళ్లు, మధ్యలో ఎర్రటి చిగుళ్లు.

పళ్ల డాక్టరు.

"నాలుగేండ్లసంది నా భార్యకు మందిస్తున్నవ్! ఒక్కపారి గొంతు మీద చెయ్యేసి జూసినవా?" అని అరిచాడు రాజలింగం.

"గొంతెందుకు జూస్త బాబూ? నేను చూసేది నోరు," అన్నాడు ఇన్నయ్య అయోమయంగా.

వనజ స్కూటీ దిగింది. తోసుకుని పోవాల్సిన అవసరం ఆమెకెప్పుడూ రాదు. జనమే పక్కకు జరిగారు. ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఆయన్ని ఇడిచిపెట్టు. ఆయనెవరో నాకు తెల్వదు. నాకు ఏ డాక్టరూ లేడు. థైరాయిడ్ లేదు. నేను అబద్ధమాడిన."

శ్రావణ్ ఎత్తిన పిడికిలి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"మరి మాత్రలు?" అన్నాడు రాజలింగం.

"పిప్పరమెంటు."

అతను జేబులోంచి సీసా తీశాడు. మూత తిప్పి ఒక బిళ్ల నోట్లో వేసుకున్నాడు. నడివీధిలో అంతమంది చూస్తుండగా నెమ్మదిగా చప్పరించాడు. నాలుగేళ్ల పాలు, కాఫీలు, తినని క్యాబేజీ, అన్నీ అతని మొహంలో ఒకటొకటిగా పోతూ కనబడ్డాయి. ఇప్పుడు తిడతాడు, తిట్టనీ అనుకుని వనజ తల వంచుకుంది.

"వనజా," అన్నాడు అతను. గొంతులో కోపం లేదు. ఆశ ఉంది. "గట్లయితే గడ్డ గూడ ఉత్తదేనా?"

వనజ కళ్లలో నీళ్లు తిరిగాయి. జీవితంలో మొదటిసారి ఒక అబద్ధం ఆడలేకపోయినందుకు ఏడుపొచ్చింది.

"కాదయ్యా. అదొక్కటి నిజం."

రాజలింగం అక్కడే మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్నయ్య లోపలికెళ్లి నీళ్లు తెచ్చాడు. కుర్రాళ్లు చెప్పులు చూసుకుంటూ నిలబడ్డారు. వనజ మొగుడి పక్కన కూర్చుంది. మెట్టు ఇద్దరికీ సరిపోలేదు, అతను కాస్త జరిగాడు.

"ఆపరేషన్ జేపిద్దాం," అన్నాడు ఆ నీళ్లు తాగి. "పిప్పరమెంటు సంగతి డాక్టరమ్మకు నువ్వే జెప్పు. నాతోని కాదు."

చెప్పింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, కిటికీ వైపు తిరిగి కాసేపు భుజాలు కదిలించింది. పక్కనున్న మౌనిక ఆ తిరగడం కూడా చేయలేక పకపకా నవ్వేసింది.

ఎండలు ముదరకముందే ఆపరేషన్ అయింది. గ్రంథి మొత్తం తీసేశారు. ఇక జన్మంతా థైరాయిడ్ మాత్ర వేసుకోవాలన్నారు. నిజమైన మాత్ర. పరగడుపున వేసుకుని గంటసేపు ఆగాలి. వనజకు అసలు కష్టం అప్పుడు తెలిసింది. దొంగ మాత్రప్పుడు హాయిగా నిద్రపట్టే ఆ గంట, నిజం మాత్ర వేసుకున్నాక యుగంలా సాగుతుంది. మాత్ర గొంతు దిగగానే ఎక్కడలేని ఆకలి, కాఫీ మీద ధ్యాస. పైగా పడుకోవడానికి వీల్లేదు. భారతమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. "లే బిడ్డా, నడుసుకుంట పోతే గంట తెల్వకుండ పోతది," అంటుంది. రోడ్డు మలుపు దగ్గర కాత్యాయని కూడా కలుస్తుంది. ముగ్గురూ ఆర్ట్స్ కాలేజీ దాకా పోయి వస్తారు. దారి పొడవునా వనజ ఇద్దరినీ తిడుతూనే ఉంటుంది, ఆయాసం వచ్చేదాకా.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం రోడ్ల మీద వంటావార్పు పెట్టారు. దారులన్నీ ఆపి, నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తిని నిరసన చెప్పడం. తార్నాక చౌరస్తాలో రాళ్ల పొయ్యిల మీద బగోనాలు ఉడుకుతున్నాయి. మెడకు సన్నటి మచ్చ, దాని మీద పల్చటి చున్నీ చుట్టుకుని వనజ వెళ్లేసరికి కూరగాయల కుప్ప దగ్గర రాజలింగం గొంతుక్కూర్చుని ఉన్నాడు. కత్తి టకటకలాడుతోంది. చుట్టూ ఆకుపచ్చ కొండ.

క్యాబేజీ.

"ఏందిది?" అంది వనజ.

"డాక్టరమ్మను అడిగిన. తీసేసిన గ్రంథికి పథ్యమేంది, ఎంతైనా తినొచ్చన్నది," అన్నాడు అతను తలెత్తకుండా. నాలుగేళ్ల బాకీ తీర్చుకుంటున్న వాడి వేగం ఆ చేతుల్లో ఉంది.

కాత్యాయని కూడా వచ్చింది. ఉద్యమానికి కాదు, వనజ మొహం చూడ్డానికి వచ్చానని శ్రావణ్‌తో చెప్పుకుంది. పంక్తి వేశారు. భారతమ్మ గరిటెడు కూర తెచ్చి కోడలి విస్తట్లో వేసి, పోకుండా అక్కడే నిలబడింది. రాజలింగం, శ్రావణ్, ఎదురు పంక్తిలో ఇన్నయ్య, అందరూ చూస్తున్నారు. వనజ ఊపిరి బిగబట్టి ఒక ముద్ద పెట్టుకుంది. అదే వాసన. చిన్నప్పుడు కడుపులో తిప్పిన వాసనే, ఇసుమంత కూడా మారలేదు. నమిలింది. మెడ మీది మచ్చ దగ్గర కొంచెం గుంజింది. మింగింది. అది మెల్లగా దిగిపోయింది.

"ఎట్లున్నది?" అన్నాడు రాజలింగం. అడుగుతున్నది కూర గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

"గలీజుగున్నది," అంది వనజ కళ్లు తుడుచుకుంటూ. "ఇంకింత ఎయ్ అత్తమ్మా."